గంటలో లేని స్వరం

పన్నెండో మనిషి కూడా తప్పే చెప్పింది.

విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఆ శబ్దశాస్త్ర ప్రయోగశాలలో ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే పని. హాలు మధ్యలో నల్ల తెర కట్టారు. తెర వెనక ఒక పక్క కంచరివాళ్ళు పోసిన ముప్ఫై కిలోల కంచు గంట వేలాడుతోంది. రెండో పక్క ఒక కీబోర్డు, దానికి తగిలించిన స్పీకర్లు. తెరకి ఇవతల కూర్చున్న మనిషి రెండు మోతలూ విని, అసలు గంట ఏదో చెప్పాలి. క్యాంటీన్ వంటమనిషి చెప్పాడు. ఉత్తరాలు తెచ్చిన పోస్టుమాన్ చెప్పాడు. గేటు కాపలా ఆయన రెండుసార్లు విని మరీ చెప్పాడు. అందరూ కీబోర్డునే గంట అన్నారు. ఆఖర్న వచ్చిన వీణ టీచరు అసలు గంట విని, "ఇది మెషినండీ. లోపల ఖాళీగా ఉంది" అని కూడా అంది.

తెర తీసేశారు. టీచరు గంటని చూసింది, కీబోర్డుని చూసింది, దాని ముందు కూర్చున్న హెప్సిబాని చూసింది. నవ్వింది.

"ఏం చేశారు సార్ దీంట్లో?" అని డాక్టర్ చిదంబరాన్ని అడిగింది.

చిదంబరం ఆ ప్రయోగశాలకి పెద్ద. రిటైరు కావడానికి ఏడాది ఉంది. ఆయన చెక్క సుత్తితో కంచు గంటని ఒక దెబ్బ కొట్టి, "మీకు వినిపించిన స్వరం పాడండి" అన్నాడు. టీచరు గొంతు సవరించుకుని పాడింది. ఆయన గోడకున్న కంప్యూటరు తెర చూపించాడు. గంట మోతలో ఎన్ని స్వరాలున్నాయో అన్ని పచ్చగీతలు దాని మీద లేచి ఉన్నాయి. టీచరు పాడిన స్వరం దగ్గర మాత్రం గీత లేదు.

"లేదేంటి?"

"మీరు పాడిన స్వరం ఈ గంటలో లేదమ్మా. ఏ గంటలోనూ ఉండక్కర్లేదు. పై స్వరాలు కొన్ని కలిసి లేచేసరికి, వాటికింద ఒకటి ఉండాలని మన లోపలే లెక్క కట్టి, దాన్ని వినిపించుకుంటాం. గంటంటే సగం కంచు, సగం చెవి."

గంట మోతని యంత్రంతో పుట్టించాలని చూసిన వాళ్ళందరూ ఆ లేని స్వరాన్ని తెచ్చి కలిపేవాళ్ళు. అందుకే అది స్పీకరులోంచి వస్తున్నట్టు తెలిసిపోయేది. హెప్సిబా అలా చెయ్యలేదు. దెబ్బ పడిన మొదటి క్షణంలో పై స్వరాలన్నీ ఒక్కసారిగా కాకుండా ఒకదాని వెనక ఒకటి, చెవికి విడిగా తెలియనంత చిన్న తేడాతో లేచేలా చేస్తే, చెవి ఆ లేని స్వరాన్ని మామూలుకంటే ఎన్నో రెట్లు గట్టిగా కట్టుకుంటుందని ఆమె కనిపెట్టింది. నిజానికి కనిపెట్టడం కాదు, ఒకరోజు పొరపాటున అంకెలు తారుమారైతే వినిపించింది. ఆ తేడాలన్నిటికీ కలిపి వాళ్ళు 'ముడి' అని పేరు పెట్టుకున్నారు. నలభై మూడు అంకెలు. వాటికి సూత్రం లేదు. ఒక అంకె మార్చడం, కీబోర్డు మెట్టు నొక్కి వినడం, ఇంకో అంకె మార్చడం. ఎనిమిది నెలలు, రోజుకి ఆరు గంటలు, తలకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని హెప్సిబా ఒక్కతే ఆ పని చేసింది. చెవి చెప్పినట్టు అంకె వేసింది.

చిదంబరం ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పన్నెండుకి పన్నెండు, హెప్సిబా" అన్నాడు.

"అవును సార్" అంది హెప్సిబా. సంతోషం వస్తుందని కాసేపు చూసింది. ఆకలి మాత్రం వేసింది.

*

హెప్సిబాది పెదరేవు. ప్రయోగశాలకి బస్సులో గంట దూరం. సముద్రం ఒడ్డున చేపల ఊరు. భర్త దైవకుమార్ అక్కడి ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్. కూతురు నిస్సీకి పదేళ్ళు. హెప్సిబా పెళ్ళికి ముందు నుంచీ ఊరి చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయించేది.

ఆమె గంటల పనిలో పడింది కూడా ఆ చర్చి వల్లే. నాలుగేళ్ళ కిందట తుఫానులో గంటగోపురం కూలి గంట పగిలింది. అది నూట పదేళ్ళ గంట. పడవలు దాని మోత విని దారి చూసుకునేవి. ఎవరైనా పోతే, పోయిన మనిషికి ఎన్నేళ్ళో అన్ని దెబ్బలు కొట్టేవాళ్ళు. లెక్కపెట్టుకుంటూ ఊళ్ళో వాళ్ళు పోయిందెవరో పోల్చుకునేవాళ్ళు. గోపురం తిరిగి కట్టి, గంట అతికించి కొడితే రేకు డబ్బా కొట్టినట్టు ఉండేది. రెండు రోజులు కొట్టి మానేశారు.

తెర పరీక్ష జరిగిన ఆ జులైలో చిదంబరం అనుమతితో హెప్సిబా ఒక కీబోర్డు చర్చికి తెచ్చింది. పాత పెళ్ళి వీడియోలలో దొరికిన గంట మోతలు, తన చిన్నప్పటి జ్ఞాపకం, పగిలిన గంట కొలతలు కలిపి ఆ గంటని తయారుచేసింది. నాలుగు స్పీకర్లు గోపురం మీదికి ఎక్కించారు. నలభై ఏళ్ళుగా గంట కొట్టిన ఇస్సాకుని పిలిచి, ఏ మెట్టు నొక్కాలో చూపించింది. ఇస్సాకు వేలికి తాడు ఒరిసిన కాయలున్నాయి. ఆ వేలితో భయంభయంగా నొక్కాడు.

ఊరంతా ఆగిపోయింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు లేచి నిలబడ్డారు. చేపల గంప దించి ఒకావిడ ఏడ్చింది.

"అదేనమ్మా" అన్నాడు ఇస్సాకు. "అదే గంట. కాదు, అంతకంటే బాగుంది."

ఇంట్లో నిస్సీ కోసం ఇంకో చిన్న కీబోర్డు ఉంచింది హెప్సిబా. నిస్సీ స్కూలు నుంచి రాగానే సంచీ పడేసి దాని ముందు కూర్చునేది. సండే స్కూలు పాటలన్నీ గంట మోతతోనే వాయించేది. మామూలు పియానో మోత పెట్టమంటే, "అది చప్పగా ఉంది మమ్మీ" అనేది.

పరీక్ష జరిగిన వారానికే ఒక పెద్ద ఫోన్ల కంపెనీ వాళ్ళు చిదంబరం దగ్గరికి వచ్చి ఒప్పందం మాట్లాడుకున్నారు. ముడి పని చివరి మెరుగులు నవంబరు దాకా సాగాయి. హెప్సిబా మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

*

మొదట తెలిసింది ఒక శనివారం పొద్దున. వంటింట్లో చింతపండు పిసుకుతోంది. వెనకనుంచి ఎవరో పిలిచినట్టుంది. గిన్నెల మీద చెంచాలు పడ్డట్టు వినిపించింది. బయట పేట పిల్ల ఎవరో వచ్చిందనుకుని, "ఎవరు కావాలమ్మా?" అంది, తిరక్కుండానే.

తిరిగి చూస్తే నిస్సీ నిలబడి ఉంది.

"నేనే" అంది నిస్సీ. పెదాలు కదిలాయి. మాట అర్థమైంది. కాని ఆ చప్పుడు ఆ పిల్లది కాదు. ఎవరిదీ కాదు.

జలుబు చేసి చెవి మూసుకుపోయిందనుకుంది. ఆదివారం చర్చిలో వేళ్ళు అలవాటుగా పాట వాయించాయి. జనం పాడుతుంటే ఆమెకి పెద్ద పెళ్ళివారింట్లో కంచాలు కడుగుతున్న చప్పుడులా వినిపించింది. మాటలు తెలుస్తున్నాయి. పాట తెలియడం లేదు. సాయంత్రం పలాస నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పేరు తెర మీద కనబడబట్టి అమ్మ అని తెలిసింది.

"ఏటైంది నీకు?" అన్నాడు దైవకుమార్ వారం తర్వాత. "కోపవేటి నా మీద?"

"కోపమా? ఎందుకు?"

"అలగే మాటాడతన్నావు. రేడియోలో వార్తలు చదివినట్టు."

తన గొంతు కూడా తనకి సరిగ్గా వినబడటం లేదని హెప్సిబాకి అప్పుడు తెలిసింది. ఎక్కడ హెచ్చించాలో, ఎక్కడ తగ్గించాలో తెలియక గొంతు ఒకే ఎత్తున నిలిచిపోయింది. భయం వేయాలి. వేయలేదు. అన్నం కలుపుకుని తినేసింది.

చెవి డాక్టరు చూసి, చెవులు చక్కగా ఉన్నాయన్నాడు. ఎంత సన్నని చప్పుడైనా ఆమెకి వినబడుతోంది. ఆ కాగితం తీసుకుని ఆమె చిదంబరం దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితం చదివాడు. తర్వాత మూడు ఈలల్లాంటి స్వరాలు కలిపి వినిపించాడు. అది మొదటి సంవత్సరం విద్యార్థులకి చేసే పరీక్ష. ఆ మూడూ కలిసి మోగితే ఎవరికైనా వాటికింద లేని నాలుగో స్వరమొకటి లావుగా వినిపిస్తుంది.

"ఏం వినిపిస్తోంది?"

"మూడు ఈలలు సార్."

"కింద?"

"కింద ఏమీ లేదు."

ఆయన హెడ్‌ఫోన్లు తన తలకి పెట్టుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. "నాకు ఒక్కోసారి ఉంటోంది, ఒక్కోసారి పోతోంది" అన్నాడు. "రెండు నెలల్నుంచీ సంగీతం వినబుద్ధి కావడం లేదు. వయసు అనుకున్నాను."

ముడి చేసే పని అదే. చెవి తనంతట తాను కట్టుకోవాల్సిన స్వరాన్ని ముడి బలంగా కట్టి ఇస్తుంది. రోజూ కట్టి ఇస్తుంటే లోపలున్నది ఆ పని మానేసింది. గంట దగ్గర మానేసింది సరే, గొంతుల దగ్గర కూడా మానేసింది. మనిషి గొంతు కూడా గంటలాంటిదే. ఎన్నో స్వరాలు కలిసి లేస్తాయి. వాటిని ఒక్కటిగా కట్టుకుంటేనే అది ఫలానావాళ్ళ గొంతు అవుతుంది.

"ఎన్ని గంటలు విని ఉంటావు నువ్వు?"

"రెండు వేలు దాటుంటాయి."

"ఇంకెవరు వింటున్నారు రోజూ?"

హెప్సిబా లేచి బస్సెక్కింది.

*

నిస్సీని మర్నాడే తీసుకొచ్చారు. చిదంబరం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఏ స్వరం వినిపిస్తే అది పాడమ్మా" అన్నాడు. పదిసార్లు వినిపించాడు. ఏడుసార్లు నిస్సీ పాడింది. మూడుసార్లు ముఖం చిట్లించి, "ఏది పాడాలి తాతగారూ? మూడున్నాయి" అంది.

దైవకుమార్ గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు. ఇంటికి రాగానే చిన్న కీబోర్డు వైరు పీకి, గుడ్డలో చుట్టి, ప్రయోగశాలకి పంపేయడానికి పక్కన పెట్టాడు. నిస్సీ ఏడ్చింది. ఆ ఏడుపు హెప్సిబాకి ఇసక జల్లెడ పడుతున్నట్టు వినిపించింది. కూతురు ఏడుస్తోందని కళ్ళతో చూసి తెలుసుకుని దగ్గరికి తీసుకుంది.

ఆ మధ్యాహ్నమే చర్చికి వెళ్ళింది. ఇస్సాకు కీబోర్డు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రోజుకి మూడుసార్లు గంట. దగ్గర కూర్చుని వినేది అతనొక్కడే. ఆమె ఏమీ అడక్కముందే అతనే చెప్పాడు.

"నిన్న మా ముసిల్ది బువ్వకి పిలిస్తే ఎవులో కొత్త మనిషనుకున్నానమ్మా. ఎవులే నువ్వు అన్నాను. నలభై రెండేళ్ళ కాపరం. అది నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. ఇనపడతంది. ఇనపడ్డం మానలేదు. అది గొంతునాగ లేదు, అంతే."

"రేపట్నుంచి కొట్టొద్దు" అంది హెప్సిబా.

"కొట్టకపోతే ఊరోళ్ళు ఊరుకుంటారేటి?"

పాస్టరు జోసెఫ్‌గారు కూడా ఆ మాటే అన్నారు. ఊరు ఎంత మురిసిపోతోందో చూడమన్నారు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఎత్తూ పల్లమూ లేని ఆ గొంతు విని, ఈమె ఏదో మనసులో పెట్టుకుని మాట్లాడుతోందని ఆయన అనుకున్నారు. చివరికి ఇస్సాకు భార్యని పిలిపించారు. ఇస్సాకుని అటు తిరిగి కూర్చోమని, ఆవిడనీ మరో ఇద్దరు ఆడవాళ్ళనీ ఒకరి తర్వాత ఒకరు "ఇస్సాకూ" అని పిలవమన్నారు. ఇస్సాకు మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు. ముసలావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన తర్వాత పాస్టరుగారు ఆ సంగతి అందరికీ చెప్పారు. పడవలవాళ్ళు గోల చేశారు. "తెచ్చిందీ ఈవిడే, తీసేస్తన్నాదీ ఈవిడే" అన్నారు. హెప్సిబా లేచి, దూరం నుంచి రోజుకి మూడుసార్లు విన్నవాళ్ళకి ప్రమాదం ఉందో లేదో తనకి తెలియదని, తెలియనప్పుడు ఉంచకూడదని చెప్పి కూర్చుంది. క్షమించమని అడిగింది కూడా. అడిగినట్టు ఎవరికీ అనిపించలేదు.

స్పీకర్లు దింపారు. పగిలిన గంటనే మళ్ళీ పైకెక్కించారు.

*

మూడు నెలలు గడిచాయి. చిదంబరం నెలకోసారి అందరినీ పరీక్షించాడు. రెండో నెలకి నిస్సీ పదికి తొమ్మిదిసార్లు పాడింది. మూడో నెలకి పదికి పది. ఇస్సాకు తన భార్య గొంతు గుర్తుపడుతున్నాడు, ఇంకెవరిదీ పట్టడం లేదు. చిదంబరానికి సగం వచ్చింది. హెప్సిబాకి ఏమీ రాలేదు.

ఆమె ఇంట్లో కొత్త అలవాట్లు నేర్చుకున్నారు. నిస్సీ ముందుకొచ్చి నిలబడి, ముఖం చూపించి మాట్లాడేది. దైవకుమార్ వెనకనుంచి పిలవాల్సి వస్తే, "నేను" అని ముందు అనేవాడు. ఆమె మాటల్ని బట్టి అర్థం తీసుకునేది. వేళాకోళం తెలిసేది కాదు. ఒకరోజు దైవకుమార్ కూర బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆమె ఇంకో గరిటె వడ్డించింది. ఉప్పు మరిచిపోయానని ఆమెకి తాను తిన్నాక గాని తెలియలేదు. ఎవరూ నవ్వలేదు.

మార్చి మొదటి శనివారం చిదంబరం కబురు చేశాడు. ముగ్గురినీ రమ్మన్నాడు.

బల్ల మీద మామూలు చెవి మిషనులాంటి చిన్న వస్తువు ఉంది. "ముడి గంటకే ఎందుకు వెయ్యాలి, గొంతుకి వెయ్యొచ్చు కదా అనిపించింది" అన్నాడాయన. "ఎదటి మనిషి మాట ఇందులోకి వెళ్తుంది. ముడి పడి నీ చెవిలోకి వస్తుంది. పెట్టుకుని చూడు."

హెప్సిబా పెట్టుకుంది. ఆయన నిస్సీ వైపు తిరిగి, "ఏదైనా మాట్లాడమ్మా" అన్నాడు.

నిస్సీ సిగ్గుపడింది. కాలితో నేల గీసింది. తర్వాత మొదలుపెట్టింది. "మా క్లాసులో కెజియా ఉంది కదా మమ్మీ, అది నా జామెట్రీ బాక్సు అడిగింది. నేను ఇచ్చాను. వృత్తలేఖిని విరిగిపోయింది. టీచరేమో ఇద్దర్నీ నిలబెట్టేసింది. విరిగింది నా చేతిలో కాదు..."

హెప్సిబా కుర్చీ చెయ్యి పట్టుకుంది. అది నిస్సీ గొంతు. చెంచాలు కాదు, ఈలలు కాదు. కింద బరువుతో, మధ్యలో కొంచెం బొంగురుతో, ఒక్కటిగా కట్టుకుని ఉన్న గొంతు. విరిగింది నా చేతిలో కాదు అన్నచోట అది కొంచెం పైకి జారింది. అబద్ధం చెప్పేటప్పుడు నిస్సీ గొంతు ఎప్పుడూ అక్కడే జారుతుంది. విరగ్గొట్టింది ఈ పిల్లే.

ఆ పిల్ల పది నిమిషాలు మాట్లాడింది. కెజియా క్షమాపణ చెప్పలేదని, బస్సులో పక్కన కూర్చోనివ్వనని, కానీ మళ్ళీ కూర్చోనిచ్చానని చెప్పింది. హెప్సిబా కళ్ళు మూసుకుని వింది.

"ఇనబడతందా?" అన్నాడు దైవకుమార్.

ఆమె అతని వైపు చూసింది. ఒకే ఒక్క మాట. ఆ మాటలో ఆ మనిషి ఎంత భయపడుతున్నాడో ఉంది. నాలుగు నెలల నుంచి భయపడుతూనే ఉన్నాడని ఆమెకి అప్పుడు తెలిసింది. ముఖంలో ఎప్పుడూ కనబడనివ్వలేదు.

"వినబడుతోంది" అంది.

వాళ్ళిద్దర్నీ క్యాంటీనుకి పంపి, ఆమె చిదంబరం ఎదురుగా కూర్చుంది. మిషను ఇంకా చెవికే ఉంది. ఆయన గొంతు ఇంత ముసలిదైపోయిందని అంతకుముందు గమనించలేదు.

"ఇది నీదే. ఉంచుకో" అన్నాడాయన. "కంపెనీవాళ్ళు సోమవారం వస్తున్నారు. ఇది చూశారు. అంకెలు వాళ్ళ చేతికిచ్చేది ఆ రోజే. ప్రతి ఫోనులోనూ పెడతామంటున్నారు. ఫోనులో గొంతులు ఎదురుగా ఉన్న మనిషి గొంతుకంటే బాగుంటాయి కదా. అదే వాళ్ళకి కావలసింది."

"మీరు వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పాను. నివేదిక ఇచ్చాను. పదిహేనుమందిని ఇక్కడికి పంపి పరీక్ష చేయించి, నెల రోజుల్లో ఏమీ కాలేదంటున్నారు. నెల రోజుల్లో నీకూ ఏమీ కాలేదు."

"ఫోను రోజుకెంతసేపు మాట్లాడతారు సార్ జనం?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "పుట్టు చెవిటివాళ్ళకి చెవి లోపల యంత్రాలు పెడుతున్నారు కదమ్మా. వాళ్ళకి మాట తెలుస్తుంది, రాగం తెలియదు. వాళ్ళకి ఇది పనికొస్తుంది. నిజంగా పనికొస్తుంది. దాన్ని కూడా ఆలోచించు" అన్నాడు.

హెప్సిబా ఆలోచించింది. ఆయన చెప్పింది నిజమే.

"ఈ మిషన్లో ఆ నలభై మూడు అంకెలూ ఉన్నాయా?"

"ఉన్నాయి. లేకపోతే పనిచెయ్యదు."

"ఎవరైనా తీసుకోవచ్చా దీంట్లోంచి?"

"తెలిసినవాడికి పది నిమిషాలు."

"అంకెలు పోతే మళ్ళీ కట్టగలమా?"

"నీ చెవి కట్టింది వాటిని. ఆ చెవి ఇప్పుడు లేదు. నాదీ అంతంతమాత్రం. ఇంకొకరు కూర్చుని రెండు వేల గంటలు వినాలి. అలా ఎవర్నీ కూర్చోబెట్టను నేను."

"చెవిటివాళ్ళ దాకా వెళ్ళేలోపు ఇది ఫోన్లలోకి వెళ్తుంది సార్."

"వెళ్తుంది."

"అయితే ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పండి."

చిదంబరం ఆమెని ఆపలేదు. సాయమూ చెయ్యలేదు. కుర్చీలోంచి కదలకుండా, ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాడంతే. పెద్ద కంప్యూటరు. దాని నకలు. పరీక్షల కీబోర్డు. చర్చి నుంచి వచ్చింది. ఇంటి నుంచి వచ్చిన చిన్నది. బీరువాలో ఎర్ర అట్ట పుస్తకం. హెప్సిబా ఒక్కొక్కటే చెరిపింది. పుస్తకంలో ఆ పేజీలు చింపి, కాగితాలు ముక్కలు చేసే యంత్రంలో పెట్టింది. అంకెలు తన చేతిరాతే. ఒకదాని పక్కన, ఏ రోజో తోచక గీసిన చేప బొమ్మ ఉంది. అదీ ముక్కలైంది.

అరగంట పట్టింది. ఆఖరికి చెవి మిషను మిగిలింది.

కిటికీలోంచి క్యాంటీను వరండా కనిపిస్తోంది. నిస్సీ బజ్జీ తింటూ వాళ్ళ నాన్నకి ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతూ చెబుతోంది. అద్దానికి అవతల ఉంది కాబట్టి మిషను పెట్టుకున్నా ఏమీ వినిపించదు. వెళ్ళి ఇంకోసారి వినొచ్చు. ఇంకోసారి వింటే సోమవారం దాకా ఉంచుకుంటుంది. అది ఆమెకి తెలుసు.

మిషను తీసి బల్ల మీద పెట్టింది. తీగతో కంప్యూటరుకి తగిలించింది. చెరపమంటారా అని తెర అడిగింది. నొక్కింది.

"అయిపోయిందా?" అన్నాడు చిదంబరం. ఇప్పుడా గొంతు ముసలిది కాదు, పడుచుది కాదు.

"అయిపోయింది సార్."

*

కంపెనీవాళ్ళు సోమవారం వచ్చారు. అంకెలు చెరిగిపోయాయని చిదంబరం చెప్పాడు. ఎవరు చెరిపారో కూడా అడిగారు. తానే చెరిపానన్నాడు. ఒప్పందం పోయింది. ఆయన్ని నాలుగు నెలల ముందే ఇంటికి పంపేశారు. వెళ్ళేరోజు కంచు గంట తనకి ఇమ్మని అడిగితే, అది సంస్థ ఆస్తి అన్నారు. కంపెనీ తమ మనుషులతో ఏడాదిపాటు ప్రయత్నించి, వేరే పనిలో పడిపోయింది.

హెప్సిబాని ఫ్యాక్టరీల్లో చప్పుడు కొలిచే విభాగానికి మార్చారు. మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో చూసి రాసుకునే పని. దానికి చెవి అక్కర్లేదు. ఆమె కచ్చితంగా చేస్తుందని అక్కడివాళ్ళ దగ్గర మంచి పేరు. నవ్వదని కూడా పేరు. చర్చిలో కీబోర్డు వాయించడం మానేసింది. అక్కడ ఇప్పుడు పాస్టరుగారి కోడలు వాయిస్తోంది. ఇస్సాకు పగిలిన గంట తాడు లాగుతున్నాడు. ఊళ్ళో వాళ్ళు మొదట చెవులు మూసుకున్నారు. వేసవి వచ్చేసరికి దాన్ని విని టైము చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఏడు జూన్‌లో స్కూళ్ళు తెరిచిన వారం, ఒక పొద్దున హెప్సిబా కూతురికి జడ వేస్తోంది. గోడకి అద్దం ఉంది. నిస్సీ అద్దంలో తన పెదాలు అమ్మకి కనబడేలా చూసుకుని అడిగింది.

"మమ్మీ, ఆ రోజు తాతగారి దగ్గర మిషను పెట్టుకున్నావు కదా. నా గొంతు ఎలా ఉంది?"

హెప్సిబా చెయ్యి ఆగింది. బాగుంది అనొచ్చు. అది అందరూ అనే మాట.

"కొంచెం బొంగురుగా ఉంది" అంది. "జలుబు చేసినట్టు."

నిస్సీ కళ్ళు పెద్దవయ్యాయి. "అవును. ఆ రోజు నాకు జలుబే. నేను నీకు చెప్పనేలేదు."

"చెప్పలేదు."

"ఇప్పుడు తగ్గిపోయిందిలే" అంది నిస్సీ.

తగ్గిందో లేదో హెప్సిబాకి తెలియలేదు. జడ చివర రిబ్బను ముడి వేసి, కూతుర్ని తనవైపు తిప్పుకుని, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.